చెల్లెలి చావు నేర్పిన పాఠం

మా హసన్‌పర్తిలో ఇప్పటికీ చాలామంది ఆడవాళ్లు క్యాన్సర్ అన్న మాట పైకి అనరు. ఆ జబ్బు అంటారు, అంతే. అదీ గొంతు తగ్గించి, చుట్టూ ఒకసారి చూసుకుని. ఫలానా ఆమెకి ఆ జబ్బట, హైదరాబాదు తీసుకెళ్లారట అని చెప్పుకుంటారు. ఆపరేషన్ అన్నారని తెలిస్తే ఇక ఆమె పని అయిపోయినట్టే లెక్క. చూడ్డానికి వెళ్లినవాళ్లు కూడా ధైర్యం చెప్పడానికి బదులు కళ్లు తుడుచుకుని వస్తారు. మా పొదుపు సంఘం మీటింగుల్లో అప్పులు, వాయిదాల లెక్కలు అయ్యాక ఏదో ఒక ముచ్చట చెప్పమని నన్ను అడుగుతుంటారు. ఈ మధ్య నేను ఎక్కువసార్లు చెప్పింది ఒక డాక్టరమ్మ జీవితం. ఆవిడే డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డి.

పేరు చివర రెడ్డి అని చూసి మనలో చాలామంది ఆవిడ తెలుగావిడే అనుకుంటారు. నేనూ చిన్నప్పుడు విన్నది అలాగే. నిజానికి ఆవిడ పుట్టింది తమిళనాడులోని పుదుక్కోట్టైలో. రెడ్డి అన్నది భర్త సుందరరెడ్డి గారి పేరులోంచి వచ్చింది. అయితే ఆవిడ కాలంలో కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో భాగమే. ఆవిడ కట్టించిన ఆస్పత్రికి తెలుగువాళ్లు కూడా వెళ్లేవాళ్లు, ఇప్పటికీ వెళ్తున్నారు. ఆ లెక్కన ఆవిడ మనకి పరాయి మనిషేమీ కాదు.

తెర వెనక చదువు

ముత్తులక్ష్మి 1886 జులై 30న పుట్టారు. తండ్రి నారాయణస్వామి అయ్యర్ పుదుక్కోట్టై మహారాజా కాలేజీలో ప్రిన్సిపాల్. తల్లి చంద్రమ్మాళ్ దేవదాసీల కులానికి చెందిన ఇంట్లో పుట్టినావిడ. ఆ రోజుల్లో అలాంటి పెళ్లిని లోకం ఎలా చూసేదో వేరే చెప్పాలా? తండ్రి వైపు బంధువులు దూరం పెట్టారు. తల్లి వైపువాళ్ల బతుకులు ఎలా ఉండేవో ఆ పిల్ల కళ్లారా చూస్తూ పెరిగింది. పెద్దయ్యాక ఆవిడ ఎందుకంత పట్టుదలగా కొన్ని పనులు చేశారో అర్థం కావాలంటే ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఈడొచ్చిన ఆడపిల్లని బడి మాన్పించడం అప్పటి ఆనవాయితీ. ముత్తులక్ష్మినీ మాన్పించారు. కానీ తండ్రి ఊరుకోలేదు, ఇంట్లోనే చదివించి మెట్రిక్యులేషన్‌కి ప్రైవేటుగా కట్టించారు. ఆమె పాసైంది. ఆ తర్వాతే అసలు గొడవ మొదలైంది. ఊళ్లో ఉన్న కాలేజీ మగపిల్లలది. అందులో ఆడపిల్లని చేర్చుకుంటే మా అబ్బాయిల్ని మాన్పించేస్తామని కొందరు తల్లిదండ్రులు బెదిరించారు. దేవదాసీ కుటుంబపు పిల్ల అన్న వంక ఎలాగూ ఉంది. చివరికి పుదుక్కోట్టై రాజా మార్తాండ భైరవ తొండైమాన్ కలగజేసుకుని సీటు ఇప్పించారు. ఆ కాలేజీలో చదివిన మొదటి అమ్మాయి ఆవిడే.

క్లాసులో మిగతా విద్యార్థులకి కనిపించకుండా తెర కట్టి, దాని వెనక కూర్చోబెట్టేవారు. పాఠం మాత్రం చెవిన పడేది. ఈ ముక్క చెప్పినప్పుడల్లా మా సంఘంలో ఆడవాళ్లు నవ్వుతారు. కాసేపటికి ఎవరో ఒకరు, మా అత్తగారింట్లో మొన్నమొన్నటిదాకా అదే కదా, తలుపు చాటు నుంచి వినడమే కదా అంటారు.

మెడిసిన్, మేనరికాలు కాదు

ఇంట్లో తల్లికి కూతురి పెళ్లి చేయాలని ఉండేది. కూతురికేమో చదవాలని. 1907లో ముత్తులక్ష్మి మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. అక్కడా మగవాళ్లే ఎక్కువ. శరీరమేమో అంత గట్టిది కాదు, చదువేమో బండెడు. అయినా 1912లో పతకాలతో పట్టా పుచ్చుకుని బయటికొచ్చారు. ఆ తర్వాత మద్రాసులోని ప్రభుత్వ ప్రసూతి ఆస్పత్రిలో హౌస్ సర్జన్‌గా పని చేశారు. ఆ పని చేసిన మొదటి మహిళ కూడా ఆవిడే.

పెళ్లి విషయంలో ఆవిడ తొందరపడలేదు. డాక్టర్ సుందరరెడ్డి గారు అడిగినప్పుడు ఆవిడ పెట్టిన షరతు చూడండి: తనని సమానంగా చూడాలి, తన పనులకి ఎప్పుడూ అడ్డు చెప్పకూడదు. ఆయన ఒప్పుకున్నారు. 1914లో పెళ్లయింది. కులం వేరు కాబట్టి మత సంస్కారాలతో కాకుండా 1872 నాటి వివాహ చట్టం ప్రకారం చేసుకున్నారు. ఇద్దరు కొడుకులు పుట్టారు. పిల్లలు, ప్రాక్టీసు, సంఘసేవ, ఇల్లు అన్నీ ఒకేసారి నడిపారావిడ. భర్త మాట మీద నిలబడ్డారు కాబట్టి అది కుదిరింది. మన ఇళ్లల్లో షరతులన్నీ పెట్టుపోతల గురించే కదా, ఇలాంటి షరతు పెట్టుకున్న పెళ్లికూతుళ్లు ఎందరున్నారు?

జిగట విరేచనాలన్నారు

ఇక్కడి నుంచి కథ మలుపు తిరుగుతుంది. 1920ల మొదట్లో ఆవిడ చెల్లెలు జబ్బుపడింది. మలంలో రక్తం పడేది. డాక్టర్లు చూసి జిగట విరేచనాలన్నారు, దానికే మందులిచ్చారు. తగ్గలేదు. రోజులు గడిచాయి. అసలు జబ్బు పెద్దపేగు చివర, మలద్వారానికి పైన వచ్చే క్యాన్సర్ అని తేలేసరికి చేయి దాటిపోయింది. అప్పటికే పేరున్న డాక్టరైన అక్క పక్కనే ఉంది. అయినా కళ్లముందే చెల్లెలు నరకయాతన పడి పోయింది.

ఒక్కసారి ఆ అక్క చోట మనల్ని పెట్టుకుని చూడండి. ఎవరిదో ఇల్లయితే విధి అనుకోవచ్చు. తనేమో డాక్టరు, భర్త డాక్టరు, తెలిసినవాళ్లంతా డాక్టర్లే. అయినా జబ్బు పేరు సకాలంలో తెలియలేదు. ఆ జబ్బుకి మందే లేదా అంటే, అలాగని కూడా కాదు. లండన్‌లో ఎర్నెస్ట్ మైల్స్ అనే సర్జన్ ఇదే క్యాన్సర్‌కి కొత్త పద్ధతి ఆపరేషన్‌ని 1908లోనే వివరించాడు. పేగులో చెడిన భాగాన్ని పూర్తిగా తీసేసి, పొట్ట మీద దారి పెట్టి మలాన్ని సంచిలోకి పంపే ఆపరేషన్ అది. ప్రమాదం ఎక్కువే, కానీ ముందుగా తెలిస్తే బతికే అవకాశం ఉంది. మద్రాసులోనేమో క్యాన్సర్‌ని మొదట్లోనే పట్టుకునే ఏర్పాటు లేదు, వేరే ఆస్పత్రీ లేదు, జనానికి దాని గురించి చెప్పేవాళ్లూ లేరు.

ముత్తులక్ష్మి గారి మనసులో ఆ చావు ములుకులా ఉండిపోయింది. తన ఊళ్లో క్యాన్సర్‌కి ప్రత్యేకంగా ఒక ఆస్పత్రి ఉండాలన్న కోరిక అక్కడే పుట్టింది. తీరడానికి మాత్రం ముప్ఫై ఏళ్లు పట్టింది.

లండన్ నుంచి శాసనమండలికి

స్త్రీల వైద్యంలో పైచదువు కోసం 1925లో ఆవిడ ఇంగ్లండు వెళ్లారు. పిల్లల్ని, భర్తని వెంటబెట్టుకునే వెళ్లారు. అక్కడ చెల్సీ ఆస్పత్రిలో నేర్చుకున్నారు. క్యాన్సర్ రోగులకి జరుగుతున్న చికిత్స ఎలా ఉందో కూడా చూశారు. ఒక జబ్బుకని విడిగా ఆస్పత్రి, దానికని శిక్షణ పొందిన డాక్టర్లు, నర్సులు ఉంటే రోగికి ఎంత తేడా వస్తుందో ఆవిడకి బోధపడింది. 1926లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ మహిళా సభలో మన దేశం తరఫున పాల్గొని తిరిగొచ్చారు.

రాగానే ఆస్పత్రి పని మొదలుపెట్టారనుకుంటున్నారా? లేదు. ఇంకో పెద్ద బాధ్యత వచ్చి పడింది. ఆవిడని మద్రాసు శాసనమండలికి సభ్యురాలిగా నియమించారు. బ్రిటిష్ ఇండియాలో చట్టసభలో కూర్చున్న మొదటి మహిళ ఆవిడే. 1927లో సభ్యులంతా ఏకగ్రీవంగా ఉపాధ్యక్షురాలిగా ఎన్నుకున్నారు. నడుస్తున్న ప్రాక్టీసు దెబ్బతింటుందని తెలిసీ ఒప్పుకున్నారు.

అక్కడ ఆవిడ చేసిన పెద్ద పని, గుడికి ఆడపిల్లల్ని అంకితమిచ్చే ఆచారానికి అడ్డుకట్ట వేయడం. 1927లో తీర్మానం పెట్టారు. 1929లో వచ్చిన సవరణ చట్టంతో, గుడి సేవ చేయకపోయినా మాన్యం భూములు ఆ స్త్రీలకే దక్కే వీలు కలిగింది. అంకితాన్ని పూర్తిగా నిషేధిస్తూ చట్టం రావడానికి 1947 దాకా ఆగాల్సొచ్చింది. ఈ పోరాటంలో మన తెలుగు యామినీ పూర్ణతిలకం గారు ఆవిడ పక్కన నిలబడ్డారు. బెంగుళూరు నాగరత్నమ్మ గారి లాంటి పెద్ద విద్వాంసురాళ్లు వ్యతిరేకించారు. మా కళ ఏమవుతుంది, మా ఆస్తి హక్కులు ఏమవుతాయి, అందరినీ ఒకే గాటన కట్టడం ఏమిటన్నది వాళ్ల వాదన. అందులో నిజం కూడా ఉందని ఇవాళ చరిత్ర చదివినవాళ్లు అంటున్నారు. మా వైపు నిజాం రాజ్యం కాబట్టి ఆ చట్టం మాకు వర్తించలేదు. జోగినీల ఆచారాన్ని నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్‌లో చట్టం వచ్చింది 1988లో. అంటే ఆవిడ తీర్మానం పెట్టిన అరవై ఏళ్లకి.

1930లో గాంధీగారిని అరెస్టు చేసినందుకు నిరసనగా శాసనమండలి పదవికి రాజీనామా చేశారు. ఆ రోజుల్లోనే, గుడికి వద్దు అనుకుని వచ్చిన ఆడపిల్లలు కొందరు తలదాచుకునే చోటు లేక ఆవిడ గడప తొక్కారు. హాస్టళ్లలో చేర్చుకునేవాళ్లు లేరు. వాళ్లని తన ఇంట్లోనే పెట్టుకున్నారు. అలా మొదలైందే ఔవై హోమ్. ఒక సభలో చట్టం చేయించి చేతులు దులుపుకోకుండా, ఆ చట్టం వల్ల వీధిన పడే పిల్లకి అన్నం ఎక్కడ అని ఆలోచించిన మనిషి ఆవిడ. క్యాన్సర్ విషయంలోనూ అదే బుద్ధి చూపారు.

పంతొమ్మిదేళ్లు తిరిగిన గుమ్మాలు

1935లో మద్రాసు మెడికల్ కాలేజీకి నూరేళ్లు నిండాయి. ఆ ఉత్సవాల్లో ముత్తులక్ష్మి గారు క్యాన్సర్ ఆస్పత్రి కావాలన్న మాటని మొదటిసారి గట్టిగా పదిమందిలో పెట్టారు. అప్పటి నుంచి ఎక్కని మెట్టు లేదు. ఒక మంత్రిగారు, క్యాన్సర్ వస్తే జనం ఎలాగూ చచ్చిపోతారు కదా, దానికో ఆస్పత్రి ఎందుకని అడిగారట. ఆ మాట మద్రాసు వైద్యులు చాలాకాలం చెప్పుకున్నారు. తోటి డాక్టర్లలో కూడా అంతా హర్షించలేదు. ఉన్న పెద్దాస్పత్రిలో ఒక వార్డు చాలదా అన్నవాళ్లున్నారు.

ఆవిడకి తోడు నిలిచింది భారత మహిళా సంఘం. 1917లో అడయారులో పుట్టిన సంఘం అది, మొదటి నుంచీ ఆవిడ అందులో మనిషే. ఆ సంఘం తరఫున 1949లో క్యాన్సర్ సహాయనిధి మొదలుపెట్టారు. అప్పటికి ఆవిడకి అరవై దాటాయి. ఆ వయసులో ఇల్లిల్లూ, ఆఫీసు ఆఫీసూ తిరిగి చందాలు అడిగారు. పెద్దవాళ్ల దగ్గర వందలు, మామూలువాళ్ల దగ్గర రూపాయీ అర్ధా. పొదుపు సంఘంలో ఉన్న మనకి తెలుసు, పది మంది దగ్గర పది రూపాయలు వసూలు చేయడం ఎంత కష్టమో.

ఆవిడ రెండో కొడుకు కృష్ణమూర్తి కూడా డాక్టరయ్యారు. క్యాన్సర్ శస్త్రచికిత్సలో విదేశాల్లో శిక్షణ పొంది వచ్చారు. మంచి జీతం వచ్చే ఉద్యోగం చూసుకోకుండా తల్లి కలలో చేయి కలిపారు. 1952 అక్టోబరులో జవహర్‌లాల్ నెహ్రూ అడయారులో శంకుస్థాపన చేశారు. 1954 జూన్ 18న ఆస్పత్రి తలుపులు తెరిచింది.

పన్నెండు పడకలు

ఎంత ఆస్పత్రి అనుకున్నారు? పన్నెండు పడకలు. చిన్న కట్టడం, వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది సిబ్బంది. మరుసటి ఏడాది 1955లో శాంత అనే యువ డాక్టరమ్మ వచ్చి చేరింది. ప్రభుత్వ మహిళా ఆస్పత్రిలో ఉద్యోగం చేతికొచ్చింది, దాన్ని వదులుకుని ఇక్కడికి వచ్చింది. ఇంట్లోవాళ్లూ స్నేహితులూ ఆశ్చర్యపోయారు. క్యాన్సర్ రోగుల మధ్య బతుకంతా గడుపుతావా అన్నట్టు చూశారు. ఆ అమ్మాయి నిజంగానే బతుకంతా అక్కడే గడిపింది. రామన్ మెగసెసే, పద్మవిభూషణ్ అందుకున్న డాక్టర్ శాంత ఆవిడే. 2021 జనవరిలో, తొంభై మూడేళ్ల వయసులో కన్నుమూసేదాకా ఆస్పత్రి ఆవరణలోనే ఉన్నారు.

ఆ ఏడాదే, అంటే 1955లోనే, మన హైదరాబాదులోనూ క్యాన్సర్‌కని ప్రభుత్వ ఆస్పత్రి వచ్చింది. దానికి మెహదీ నవాజ్ జంగ్ గారి పేరుంది. ఎంఎన్‌జే అని మనమంతా పిలుచుకునేది దాన్నే. మా హసన్‌పర్తి, హనుమకొండ వైపు నుంచి వెళ్లేవాళ్లలో బీదవాళ్లకి అదే దిక్కు. ఎర్రగట్టు గుట్ట వెంకన్నకి మొక్కుకుని పొద్దున్నే బస్సెక్కుతారు.

కత్తికంటే ముందు మాట

ఇంతకీ ఈ కథ నేను పదేపదే ఎందుకు చెప్తున్నానంటే, మా వదిన వల్ల. కొన్నేళ్ల కిందట ఆమెకి రొమ్ములో గడ్డ అని తేలింది. ఒక పెద్ద నగరంలోని ఆస్పత్రిలో చేర్పించాం. డాక్టర్లు మంచివాళ్లే, ఆపరేషన్ బాగా చేశారు. కానీ ముందు ఎవరూ ఏమీ చెప్పలేదు. ఎక్కడ వేలిముద్ర వేయాలో చూపించారు, వేసింది. మెలకువ వచ్చాక పక్కన గొట్టం, దానికి సీసా, అందులో ఎర్రటి నీరు చూసి తన రక్తమంతా కారిపోతోందనుకుని వదిన ఒకటే ఏడుపు. అది గాయంలో ఊరే నీటిని బయటికి తీసే గొట్టమని, కొన్నాళ్లకి తీసేస్తారని చెప్పేవాళ్లు లేకపోయారు. కుట్లు ఊడతాయన్న భయంతో ఆ చేయి కదపలేదు. నెల తిరిగేసరికి భుజం బిగుసుకుపోయింది. జడ వేసుకోవడానికి కూడా చేయి లేవలేదు.

ఆమెని బాగుచేసింది ఎవరనుకున్నారు? చెకప్‌కి వెళ్లినప్పుడు వరండాలో కూర్చున్న ఇంకొకామె. ఆమెకి ఏడాది ముందు అదే ఆపరేషన్ అయింది. గోడకి ఎదురుగా నిలబెట్టి, వేళ్లని చీమ నడిచినట్టు కొద్దికొద్దిగా పైకి ఎలా పాకించాలో చూపించింది. రోజూ ఎంతెత్తు చేరావో బొగ్గుతో గీత పెట్టుకోమంది. తన చీర కొంగు సర్దుకుని చూపించి, చూడు, నాకూ ఒక వైపు లేదు, ఎవరికైనా తెలుస్తోందా అంది. మా వదిన మొహంలో నవ్వు చూసింది ఆ రోజే. అదే మాట ఆపరేషన్‌కి ముందు, ఆమెతోపాటు ఆ వారం ఆపరేషన్ ఉన్న అందరినీ కూర్చోబెట్టి చెప్పి ఉంటే?

నిజానికి లోకంలో ఈ పని చేసి చూసినవాళ్లున్నారు. 1952లో అమెరికాలో టెరీస్ లాసర్ అనే గృహిణికి రొమ్ము ఆపరేషన్ అయింది. ఏం చేయాలో చెప్పే దిక్కు లేక తానే నేర్చుకుంది. తర్వాత ఒక రబ్బరు బంతి, తాడు, రొమ్ముకి బదులు పెట్టుకునే దిండులాంటి తొడుగు సంచిలో వేసుకుని ఆస్పత్రుల్లో మిగతా ఆడవాళ్ల దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టింది. కొందరు సర్జన్లు గుమ్మం తొక్కనివ్వలేదు. ఆవిడ మానలేదు. 1969లో అమెరికన్ క్యాన్సర్ సొసైటీ ఆ పనిని తన చేతుల్లోకి తీసుకుంది. తర్వాత ఎన్నో దేశాలకి పాకింది. అడయారులో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఏడాదీ, లాసర్ సంచి భుజాన వేసుకున్న ఏడాదీ ఒకటే.

ముందుగా చెప్పడం వల్ల మనసుకి ధైర్యం వస్తుంది సరే, ఒంటికేమైనా లాభముందా అని అడుగుతారు. ఉంది. 1964లో అమెరికాలోని మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రి మత్తు డాక్టర్లు పొట్ట ఆపరేషన్ చేయించుకునే 97 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి నొప్పి ఎక్కడ వస్తుంది, ఎందుకు వస్తుంది, ఎలా పక్కకి తిరగాలి, ఒళ్లు ఎలా వదులు చేసుకోవాలి అన్నీ విడమరచి చెప్పారు. రెండో జట్టుకి మామూలుగా జరిగేదే. ముందే తెలుసుకున్నవాళ్లకి నొప్పి తగ్గించే మందు దాదాపు సగమే పట్టింది. ఇంటికి కూడా రెండు మూడు రోజులు ముందు వెళ్లారు. 1972లో కారల్ లిండెమన్ అనే నర్సింగ్ పరిశోధకురాలు ఇంకో సంగతి తేల్చింది. ఒక్కొక్కరికీ విడిగా చెప్పినా, గుంపుగా కూర్చోబెట్టి చెప్పినా ఫలితం ఒకటే, గుంపుగా చెప్తే నర్సులకి సమయం కలిసొస్తుంది. ఒక్క నర్సు అరవై మందిని చూసుకోవాల్సిన మన ఆస్పత్రులకి ఇంతకంటే మంచి కబురు ఏముంటుంది? ఇప్పుడు ఇంగ్లండులో కొన్ని ఆస్పత్రులు సర్జరీ స్కూల్ అని పేరుపెట్టి క్లాసులే నడుపుతున్నాయి.

ఆ క్లాసులో చెప్పేది బ్రహ్మవిద్యేమీ కాదు. మత్తు ఇచ్చే ముందు పొట్ట ఎందుకు ఖాళీగా ఉండాలి? తిన్నది పైకి తన్నుకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోకుండా. మూడు బంతులున్న ప్లాస్టిక్ పరికరంతో ఊపిరి ఎందుకు లాగించాలి? పడుకునే ఉంటే ఊపిరితిత్తుల అడుగున కఫం చేరి న్యుమోనియా రాకుండా. ఆపరేషన్ మర్నాడే ఎందుకు లేపి నడిపిస్తారు? కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా. బీడీ, చుట్ట, గుట్కా, పొగాకు వేసిన పాన్ కనీసం నాలుగు వారాల ముందు ఎందుకు మానాలి? గాయం త్వరగా మానడానికి. కారణం తెలిస్తే మన ఆడవాళ్లు మాట దాటరు. ఊరికే నడువమ్మా అని గద్దిస్తేనే మొండికేస్తారు.

గుంపులో ఇంకో లాభం ఉంది. డాక్టరు దగ్గర నోరు తెరవలేని మనిషి, పక్కామె అడిగిన ప్రశ్నకి వచ్చే జవాబు విని ఊపిరి పీల్చుకుంటుంది. కత్తి తగిలితే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందట కదా అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. పాకదు, ఆపరేషన్ వద్దని ఆలస్యం చేస్తేనే పాకుతుంది. ఇంట్లో పిల్లలకి అంటుకుంటుందా అంటారు. అంటుకోదు, కంచం గ్లాసు వేరు పెట్టక్కర్లేదు. పొట్ట మీద సంచి పెడితే వంట చేయొచ్చా, గుడికి వెళ్లొచ్చా, బస్సెక్కొచ్చా అంటారు. అన్నీ చేయొచ్చు. ముత్తులక్ష్మి గారి చెల్లెలికి వచ్చిన జబ్బుకి ఇవాళ మంచి వైద్యం ఉంది. కొందరికి ఆ సంచి కూడా అక్కర్లేకుండా చేస్తున్నారు. అయినా సంచికి జడిసి ఆపరేషన్ వద్దని ఇంటికి వచ్చేసినవాళ్లు ఉన్నారు. సంచి పెట్టుకుని హాయిగా తిరుగుతున్న మనిషిని ఒక్కసారి చూపిస్తే వాళ్లు ఆగేవాళ్లేమో.

అందరికీ గుంపు నచ్చకపోవచ్చు. పదిమందిలో రొమ్ము గురించో గర్భసంచి గురించో మాట్లాడ్డానికి సిగ్గుపడేవాళ్లుంటారు. జబ్బు బాగా ముదిరినవాళ్లకి విడిగానే చెప్పాలి. ఆడవాళ్లని ఆడవాళ్లతోనే కూర్చోబెట్టాలి, తర్వాత నర్సు ఒక్కొక్కరితో రెండు నిమిషాలు వేరుగా మాట్లాడాలి. ఇంటి నుంచి ఒకరిని, కుదిరితే భర్తని, వెంట రమ్మనాలి. డిశ్చార్జ్ అయ్యాక బిందె ఎత్తకూడదని ఆమెకొక్కదానికి తెలిస్తే చాలదు, అత్తమ్మకీ తెలియాలి.

కన్ను మూసేదాకా

స్వతంత్రం వచ్చాక కూడా ముత్తులక్ష్మి గారు తీరిగ్గా కూర్చోలేదు. మన దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి అధ్యక్షతన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడ్డాక, మద్రాసు రాష్ట్ర బోర్డు బాధ్యత ఆవిడ చూశారు. 1956లో పద్మభూషణ్ వచ్చింది. ఆ దశాబ్దంలోనే అడయారుకి కెనడా నుంచి కోబాల్ట్ యంత్రం వచ్చింది, ఆసియాలోనే మొదటివాటిలో అది ఒకటి. పన్నెండు పడకలు పెరుగుతూ పోవడం కళ్లారా చూశారు. 1968 జులై 22న, ఎనభై రెండో పుట్టినరోజుకి ఎనిమిది రోజుల ముందు కన్నుమూశారు.

ఇవాళ ఆ ఆస్పత్రి వందల పడకలతో నడుస్తోంది. ఆవిడ పుట్టిన జులై 30ని తమిళనాడు ప్రభుత్వం 2019 నుంచి ఆస్పత్రుల దినంగా జరుపుతోంది. నాకైతే దండలకంటే వేరే విషయం తలపుకొస్తుంది. ఆవిడ చెల్లెలు పోయింది మందు లేక మాత్రమే కాదు, ఎవరికీ తెలియక, ఎవరూ చెప్పక. ఆస్పత్రి కట్టడంతో మందు వచ్చింది. చెప్పడం మాత్రం ఇంకా చాలాచోట్ల మిగిలిపోయింది. ఆ పనికి రేడియం అక్కర్లేదు, కోట్లు అక్కర్లేదు. పది కుర్చీలు, ఓపికున్న ఒక నర్సు, ఆపరేషన్ అయి ఆరోగ్యంగా ఉన్న ఒక మనిషి చాలు. మా వదిన ఇప్పుడు మా సంఘంలో ఎవరికైనా అలాంటి ఆపరేషన్ అన్నారని తెలిస్తే తానే వాళ్లింటికి వెళ్తోంది. చేయి తలపైకెత్తి జడ వేసి మరీ చూపిస్తుంది.

ఆపరేషన్‌కి ముందు అడిగి తెలుసుకోండి

• నా జబ్బు పేరేమిటి? ఏ భాగం తీస్తారు? ఏది మిగులుతుంది?

• ముందు మందులో కరెంటో పెట్టి తర్వాత ఆపరేషన్ చేస్తారా, లేక ఆపరేషనే ముందా? ఎందుకు?

• ఎన్ని గంటల ముందు నుంచి తినకూడదు, నీళ్లు తాగకూడదు? బీపీ, షుగరు మాత్రలు ఆ పొద్దున వేసుకోవచ్చా?

• రక్తం పలుచబడే మాత్రలు వాడుతుంటే, పసరు మందులు వేసుకుంటుంటే దాచకుండా చెప్పండి.

• మెలకువ వచ్చాక ఒంటికి ఏ గొట్టాలు ఉంటాయి? ఎన్నాళ్లకి తీస్తారు?

• ఊపిరి వ్యాయామం, చేతి వ్యాయామం ముందే నేర్పించమని అడగండి. ఎప్పుడు మొదలుపెట్టాలో రాయించుకోండి.

• ఇదే ఆపరేషన్ అయి కోలుకున్నవాళ్లతో ఒకసారి మాట్లాడించమని నర్సుని అడగండి. ఇందులో సిగ్గుపడాల్సింది లేదు.

• ఇంటికెళ్లాక జ్వరం, గాయంలో చీము, చేయి వాపు, కాలి పిక్క నొప్పి, ఆయాసం కనిపిస్తే ఎవరికి ఫోన్ చేయాలో నంబరు తీసుకోండి.

• మలంలో రక్తం, రొమ్ములో గడ్డ, ముట్లుడిగాక మళ్లీ రక్తం కనపడటం, నోట్లో మూడు వారాలైనా మానని పుండు. వీటిలో ఏది ఉన్నా మొలలనో వేడి చేసిందనో మీరే తేల్చేసుకోకుండా డాక్టరుకి చూపించండి.